అప్‌డేట్ తేదీ ఆఫీసులో ఎవరికి తెలుసు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది గురించి. నిన్నటిదాకా పనిచేసిన ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఈరోజు పొద్దున్నే మారిపోయి కనిపిస్తోంది. సీడీ పెట్టి ఇన్‌స్టాల్ చేసుకున్న రోజుల్లో పాత వెర్షన్‌నే పదేళ్లు వాడుకున్నవాళ్లున్నారు. నెట్ మీద నడిచే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలు లేదు. మార్పు మాకొద్దు అనే హక్కు మనకు ఉండదు. అయితే చాలా మార్పులకు ముందుగా తేదీ చెబుతారు, కొన్నింటిని కొన్నాళ్లు వాయిదా వేసుకోనిస్తారు. ఆ తేదీని ఆఫీసులో ఎవరో ఒకరు పట్టించుకోవాలి. అందుకే ఈ జవాబుల్లో తేదీల గురించి కాస్త ఎక్కువే రాశాం.

మాది భీమవరంలో రొయ్యల ఎగుమతి ఆఫీసండి. నలభై మందిమి మైక్రోసాఫ్ట్ 365 వాడతాం. ఒకరి అవుట్‌లుక్‌లో కొత్త బటన్లు వస్తాయి, పక్క సీటువాళ్లకు రావు. అందరిదీ ఒకే ప్లాను కదా! ఏది ఎప్పుడు మారుతుందో ముందే తెలుసుకునే దారి ఉందా?
— డాక్యుమెంటేషన్ ఇన్‌ఛార్జి, భీమవరం

పక్క సీటుకు రాకపోవడం లోపం కాదు. మైక్రోసాఫ్ట్ చాలా మార్పులను అందరికీ ఒకేసారి వదలదు. ముందు కొద్దిమందికి ఇచ్చి, ఇబ్బందులుంటే సరిచేసి, విడతలవారీగా పెంచుకుంటూ పోతుంది. ఇదంతా పూర్తి కావడానికి వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి నెల దాటొచ్చు. కాబట్టి సిస్టమ్ పాడైందనుకుని ఫార్మాట్ కొట్టించకండి.

ముందే తెలుసుకోవడానికి, రాబోయే మార్పుల ప్రకటనలు పెట్టే మెసేజ్ సెంటర్ ఉంది. అడ్మిన్ లాగిన్‌తో మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్ తెరిచి, ఎడమ పక్క ‘హెల్త్’ కింద చూడండి. చిక్కేమిటంటే చాలా ఆఫీసుల్లో ఈ అడ్మిన్ లాగిన్ లైసెన్సులు అమ్మిన డీలరు దగ్గరో, ఎప్పుడో వచ్చి మెయిల్ సెట్ చేసి వెళ్లిన కుర్రాడి దగ్గరో ఉండిపోతుంది. ప్రకటనలు వస్తూనే ఉంటాయి, చదివేవాళ్లు ఉండరు. ముందు ఆ లాగిన్‌ను మీ సంస్థ చేతికి తెచ్చుకోండి. తర్వాత మీలాంటి ఒకరికి ‘మెసేజ్ సెంటర్ రీడర్’ అనే రోల్ ఇప్పించండి. ఈ రోల్ ఉన్నవారు ప్రకటనలు చదవగలరు, సెట్టింగులు మాత్రం మార్చలేరు. అన్నింటి మీదా అధికారం ఉండే గ్లోబల్ అడ్మిన్ పాస్‌వర్డ్‌ను నలుగురికి పంచాల్సిన అవసరం రాదు.

ఆ పేజీలోనే ‘ప్రిఫరెన్సెస్’ ఉంది. మీరు వాడని సర్వీసులకు అక్కడ టిక్ తీసేయండి, లేదంటే మీకు పనికిరాని ప్రకటనల మధ్య అసలైనవి కనబడకుండా పోతాయి. ఈమెయిల్ భాగంలో వారానికోసారి వచ్చే డైజెస్ట్‌కూ, పెద్ద మార్పుల మెయిల్‌కూ టిక్ పెట్టండి. అదనంగా రెండు మెయిల్ అడ్రసులు ఇవ్వొచ్చు. అందులో ఒకటి నలుగురూ తెరవగలిగే షేర్డ్ మెయిల్‌బాక్స్‌ది అయితే మేలు, మనిషి ఉద్యోగం మానేసినా మెయిల్ ఆగదు.

ప్రకటనను ఎలా చదవాలో కూడా చెబుతాం. ప్రతిదానికీ ఎంసీతో మొదలయ్యే నంబరు ఉంటుంది. మీ రిజిస్టర్‌లో ఆ నంబరే రాసుకోండి, ఎందుకంటే శీర్షిక మారుతుంటుంది. ‘యాక్ట్ బై’ గడిలో తేదీ ఉందంటే ఆలోగా మీవైపు చేయాల్సిన పని ఉందని అర్థం, దాన్ని పక్కన పెట్టకండి. ‘మేజర్ అప్‌డేట్’, ‘యూజర్ ఇంపాక్ట్’, ‘అడ్మిన్ ఇంపాక్ట్’ ట్యాగులు ఉన్నవి చదివితే మీ సైజు ఆఫీసుకు సరిపోతుంది. మీరేదైనా చేయాల్సి వచ్చే పెద్ద మార్పులకు కనీసం 30 రోజుల ముందు చెప్పడం మైక్రోసాఫ్ట్ పద్ధతి. తేదీలు మాత్రం ‘నెల మొదట్లో’, ‘నెల మధ్యలో’ అన్నట్టుగా ఉంటాయి, తరచూ వెనక్కి జరుగుతాయి. జరిగినప్పుడు శీర్షికకు ‘అప్‌డేటెడ్’ అనే మాట చేరుతుంది. ఒకసారి చదివేశాం కదా అని వదిలేసిన ప్రకటనను ఆ మాట కనబడితే మళ్లీ తెరవండి. సోమవారం పొద్దున పావుగంట కేటాయిస్తే ఈ పని అయిపోతుంది.

రెండో అడుగు, కొత్తవి ముందుగా కొద్దిమందికే వచ్చేలా చేసుకోవడం. ‘సెట్టింగ్స్’లో ‘ఆర్గ్ సెట్టింగ్స్’, అందులో ‘ఆర్గనైజేషన్ ప్రొఫైల్’, అందులో ‘రిలీజ్ ప్రిఫరెన్సెస్’. అక్కడ ‘టార్గెటెడ్ రిలీజ్ ఫర్ సెలెక్ట్ యూజర్స్’ ఎంచుకుని ముగ్గురు నలుగురి పేర్లు ఇవ్వండి. అమల్లోకి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. ఎవరి పేర్లు ఇస్తారన్నదే ముఖ్యం. కంప్యూటర్ బాగా తెలిసిన నలుగుర్నీ ఏరి పెడితే మిగతావాళ్ల ఇబ్బంది వాళ్ల కంటికి ఆనదు. అకౌంట్స్ నుంచి ఒకరు, డాక్యుమెంటేషన్ నుంచి ఒకరు, ఎక్కువగా ఫోన్‌లోనే పని చేసుకునే కొనుగోళ్ల మనిషి ఒకరు ఉంటే మూడు రకాల అవస్థలూ ముందే బయటపడతాయి. కంటైనర్ కాగితాలు ఒక్కరి చేతి మీదుగానే వెళ్తుంటే ఆ ఒక్కరిని ఈ జాబితాలో పెట్టకండి.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. పై సెట్టింగు వెబ్‌లో నడిచే సర్వీసులకే వర్తిస్తుంది. సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్న ఎక్సెల్, వర్డ్, అవుట్‌లుక్ అప్‌డేట్లు వేరే దారిలో వస్తాయి, దాన్ని అప్‌డేట్ ఛానల్ అంటారు. ‘కరెంట్ ఛానల్’లో కొత్త ఫీచర్లు తయారైన వెంటనే వచ్చేస్తాయి, వాటికి రోజంటూ లేదు. ‘మంత్లీ ఎంటర్‌ప్రైజ్ ఛానల్’లో నెలకు ఒకేసారి, రెండో మంగళవారం వస్తాయి. ముందే తెలిసిన రోజున రావడం కావాలంటే రెండోదే నయం. ప్రతి సిస్టమ్‌లోనూ ఎక్సెల్ తెరిచి ఫైల్, అకౌంట్ నొక్కితే అది ఏ ఛానల్‌లో ఉందో పేరుతో సహా కనిపిస్తుంది. నలభై సిస్టమ్‌లూ ఒకే ఛానల్‌లో ఉన్నాయో లేదో ఒకసారి చూడండి, చాలా చోట్ల ఉండవు.

రెండో మంగళవారం అన్నది అమెరికా లెక్క. అక్కడ పసిఫిక్ తీరంలో పొద్దున పది గంటలంటే మనకు ఆ రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అంటే మన ఆఫీసుల్లో దాని ప్రభావం బుధవారం పొద్దున కనిపిస్తుంది. ఆ బుధవారం ప్రతి నెలా 9, 15 తేదీల మధ్యే పడుతుంది. అమ్మకాల జీఎస్టీ రిటర్ను, అంటే నెలవారీ జీఎస్టీఆర్-1, గడువు 11. పీఎఫ్, ఈఎస్ఐ గడువు 15. ఉదాహరణకు 2026 మార్చిలో రెండో మంగళవారం 10వ తేదీ, మనకు అప్‌డేట్ తగిలేది 11న, సరిగ్గా రిటర్ను చివరి రోజున. క్యాలెండర్‌లో ఆ బుధవారాల మీద ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. ఆ నెలల్లో రిటర్ను ముందు రోజే పంపేయండి.

అవుట్‌లుక్ గురించి ఒక మాట. మీరు చెప్పిన కొత్త బటన్లు ‘న్యూ అవుట్‌లుక్’వి అయ్యుండొచ్చు. అందులో పాత ‘కామ్’ రకం యాడ్-ఇన్‌లు, అంటే అవుట్‌లుక్‌కు తగిలించుకునే అదనపు ప్రోగ్రాములు, పనిచేయవు. మెయిల్‌ను నేరుగా వేరే సాఫ్ట్‌వేర్‌లోకి పంపే బటన్ ఏదైనా మీరు వాడుతుంటే అది మాయమవుతుంది. పైన కుడి మూలన ఉన్న స్విచ్‌తో పాత అవుట్‌లుక్‌కు తిరిగి రావొచ్చు. పాతదానికి కనీసం 2029 వరకు సపోర్టు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఈలోగా ఆ యాడ్-ఇన్ తయారీదారును వెబ్ రకం యాడ్-ఇన్ ఇస్తారా, ఎప్పుడిస్తారు అని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

మండపేట దగ్గర మా రైస్ మిల్లులో కాటా సిస్టమ్ ఇంకా విండోస్ 7 మీదే ఉందండి. అందులోనే క్రోమ్‌లో వే బిల్లులు, గూగుల్ షీట్‌లో ధాన్యం లెక్కలు. ఈమధ్య పేజీలు సరిగా తెరుచుకోవట్లేదు, క్రోమ్ అప్‌డేట్ అవ్వట్లేదు. సిస్టమ్ మారిస్తే కాటా రీడింగ్ రాదేమోనని భయం.
— మిల్లు గుమస్తా, తూర్పు డెల్టా

మీ భయంలో న్యాయం ఉంది. అయినా మార్చక తప్పదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరి 14నే ముగిసింది. దాని మీద పనిచేసే చివరి క్రోమ్ 109. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి కనీసం విండోస్ 10 ఉండాలి. క్లౌడ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు కొత్త బ్రౌజర్లను దృష్టిలో పెట్టుకునే రాస్తారు కాబట్టి పాతదాంట్లో ఒక్కో బటనూ పనిచేయడం మానేస్తుంది. క్రోమ్ తీసేసి మళ్లీ వేసినా గుణం ఉండదు.

మా సలహా, రెండు పనుల్నీ విడదీయండి. కాటా సిస్టమ్‌కు నెట్ తీసేసి దాన్ని తూకానికే ఉంచండి. వే బిల్లులకూ షీట్లకూ వేరే సిస్టమ్ పెట్టండి. సెకండ్ హ్యాండ్ కొనేటట్టయితే విండోస్ 10తో ఆగిపోయేది తీసుకోవద్దు, దాని మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ పైది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ ఉండాలి. కొట్టులోనే ‘రన్’ తెరిచి టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని కొట్టించండి. స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనబడితేనే బేరమాడండి. ర్యామ్ 4 జీబీ చాలని కంపెనీ అంటుంది, మేం మాత్రం 8 జీబీకి తక్కువ వద్దంటాం.

కాటాను కూడా కొత్త సిస్టమ్‌లోకి మార్చాలనుకుంటే ఈ వరసలో చేయండి. తూకం సాఫ్ట్‌వేర్ సెట్టింగుల పేజీ ఫోటో తీసుకోండి. కామ్ పోర్టు నంబరు కొత్త సిస్టమ్ డివైస్ మేనేజర్‌లో కనిపించేదానితో కలవాలి. బాడ్ రేటు, డేటా బిట్స్, ప్యారిటీ, స్టాప్ బిట్స్, ఈ నాలుగూ కాటా ఇండికేటర్‌లో ఉన్నవాటితో అక్షరాలా కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా తెర మీద పిచ్చి అక్షరాలు పడతాయి, లేదా ఏమీ పడదు. ఆ సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డరును పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. లైసెన్సు కోసం సిస్టమ్‌కు గుచ్చే డాంగిల్ ఉంటే అది కొత్త విండోస్‌లో పనిచేస్తుందో లేదో సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లను ముందే అడగండి.

కొత్త సిస్టమ్‌లకు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు సాధారణంగా ఉండదు. యూఎస్‌బీ కన్వర్టర్ కొనాలి, అసలు తంటా అక్కడే వస్తుంది. కన్వర్టర్ లోపల ఉండే ప్రోలిఫిక్ కంపెనీ చిప్ పాత రకాలు విండోస్ 11లో పనిచేయవు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పక్కన 2012లోనే నిలిపివేసిన చిప్ అని ఇంగ్లిషులో రాసి ఉంటుంది. వైరు పాడైందనుకుని ఇదే చిప్ ఉన్న ఇంకో వైరు కొని మళ్లీ మోసపోతుంటారు. ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్నది అడిగి తీసుకోండి. కన్వర్టర్‌ను ఎప్పుడూ ఒకే యూఎస్‌బీ పోర్టులో పెట్టండి. వేరేదాంట్లో పెడితే కామ్ నంబరు మారిపోయి రీడింగ్ ఆగిపోవచ్చు. అలా మారితే డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్, ఆ పోర్టు ప్రాపర్టీస్, ‘పోర్ట్ సెట్టింగ్స్’, ‘అడ్వాన్స్‌డ్’లోకి వెళ్లి పాత నంబరే ఇవ్వండి. ‘యూఎస్‌బీ రూట్ హబ్’ పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం పోర్టును ఆపేసే టిక్ తీసేయండి. పొద్దున వచ్చిన రీడింగు మధ్యాహ్నం భోజనం తర్వాత రావడం లేదంటే చాలాసార్లు కారణం అదే. కాటా గదికీ ఆఫీసుకీ దూరం ఉంటే సీరియల్ వైపు వైరు పొడిగించండి, యూఎస్‌బీ వైపు కాదు. యూఎస్‌బీ 2.0 వైరు ఐదు మీటర్లు దాటితే నమ్మకం లేదు, సీరియల్ పదిహేను మీటర్ల దాకా ఫరవాలేదు.

ఈ పని దాళ్వా ధాన్యం దిగే ఏప్రిల్, మే నెలల్లోగానీ సార్వా కోతల నవంబరు, డిసెంబరుల్లోగానీ పెట్టుకోవద్దు. ఖాళీ రోజుల్లో మార్చి, ఒకే లారీని పాత సిస్టమ్ మీదా కొత్తదాని మీదా తూచి, అంకె ఒకటే వచ్చాక పాతది పక్కన పెట్టండి.

అంబాజీపేటలో కొబ్బరి నూనె, కొబ్బరి నీళ్ల ప్యాకెట్ల వ్యాపారమండి. వే బిల్లు లాగిన్‌లో ఓటీపీ అడుగుతోంది, అది ఓనర్ గారి ఫోనుకు వెళ్తుంది. ఆయన ఊళ్లో లేకపోతే లారీ ఆగిపోతోంది. ఇంకొకటి, రేట్లు మారినప్పుడు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినా బిల్లులో పాత రేటే వచ్చింది. ఎందుకని?
— అకౌంటెంట్, అంబాజీపేట

రెండింటికీ మూలం ఒకటే. మీ పనిలో మూడు వేర్వేరు చోట్ల మార్పులు జరుగుతాయి: ప్రభుత్వ పోర్టల్, మీ సాఫ్ట్‌వేర్, అందులో మీరు కట్టుకున్న మాస్టర్లు, అంటే సరుకుల పేర్లు, రేట్ల పట్టికలు. ఒకటి మారితే మిగతావి వాటంతటవే మారవు.

ఓటీపీ పోర్టల్ పెట్టిన నియమం. టర్నోవరు 20 కోట్లు దాటినవారికి 2025 జనవరి 1 నుంచి, 5 కోట్లు దాటినవారికి ఫిబ్రవరి 1 నుంచి, మిగతా అందరికీ ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేశారు. దీనికి మందు ఓనర్ గారి ఫోను ఆఫీసులో పెట్టించడం కాదు. వే బిల్లు పోర్టల్‌లో ‘యూజర్ మేనేజ్‌మెంట్’ కింద మీ పేరున సబ్ యూజర్ సృష్టించి, మీ మొబైల్ నంబరు ఇవ్వమనండి. అప్పుడు ఓటీపీ మీకే వస్తుంది. ఆయన ఆ లాగిన్‌కు వే బిల్లు తీసే అనుమతి మాత్రం ఇచ్చి, మిగతావి ఆపుకోవచ్చు. సిగ్నల్ సరిగా లేని లంక ఊళ్లలో ఎస్ఎంఎస్ ఆలస్యమవుతుంటే ‘ఎన్ఐసీ-జీఎస్టీ-షీల్డ్’ యాప్ పెట్టుకోండి. దానికి నెట్ అక్కర్లేదు, ఫోనులో టైము మాత్రం సరిగ్గా ఉండాలి. టైము ఆటోమేటిక్‌లో లేకపోతే ఓటీపీ తప్పని చూపిస్తుంది. పోర్టల్ మొరాయించిన రోజుకు 2025 జూలై నుంచి రెండో వే బిల్లు పోర్టల్ కూడా ఉంది, దాని చిరునామా బుక్‌మార్క్ చేసి ఉంచుకోండి.

పోర్టల్ మార్పుల్లో మీకు తగిలేవి ఇంకో రెండు. 180 రోజులు దాటిన ఇన్వాయిస్ మీద వే బిల్లు పుట్టదు. పొడిగింపులన్నీ కలిపి మొదటి తేదీ నుంచి 360 రోజులు దాటవు. ఈ రెండూ 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. మీ టర్నోవరు 10 కోట్లు, ఆ పైన అయితే ఇన్వాయిస్ తేదీ నుంచి 30 రోజుల్లోగా ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌కు ఎక్కించాలి, 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ తర్వాత తీసుకోదు. నెలాఖరున ఒకేసారి ఎక్కించే అలవాటుంటే మానుకోండి. జీఎస్టీ పోర్టల్ మొదటి పేజీలోని ‘న్యూస్ అండ్ అప్‌డేట్స్’ వారానికోసారి చదవండి. వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డుల కంటే అదే ఖాయం.

ఇక రేటు. అప్‌డేట్ సాఫ్ట్‌వేర్‌ను మారుస్తుంది, మీరు మాస్టర్‌లో రాసుకున్న అంకెను ముట్టుకోదు. ప్యాక్ చేసిన కొబ్బరి నీళ్ల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 అయింది. స్టాక్ ఐటెమ్‌లోగానీ స్టాక్ గ్రూపులోగానీ ఆ తేదీ వేసి కొత్త రేటు మీరే ఎక్కించాలి. పాత రేటు మీద దిద్ది రాయొద్దు. అలా చేస్తే పాత బిల్లులు తెరిచినప్పుడు లెక్క మారిపోతుంది. ‘ఈ తేదీ నుంచి’ అనే గడి ఉన్నది అందుకే. గ్రూపుకు రేటు ఇచ్చినా ఐటెమ్‌కు విడిగా రేటు రాసి ఉంటే ఐటెమ్‌దే చెల్లుతుంది. మీకు పాత రేటు వచ్చిందంటే ముందు అక్కడ వెతకండి.

ట్యాలీ వాడేవాళ్లకు ఇంకొకటి. కొత్త రిలీజ్ వేసేముందు ప్రతి కంపెనీకీ బ్యాకప్ తీసి వేరే డ్రైవ్‌లో పెట్టండి. ట్యాలీప్రైమ్ 3.0లాంటి పెద్ద రిలీజుల్లో డేటా కొత్త రూపంలోకి మారుతుంది, మారిన డేటా పాత రిలీజ్‌లో తెరుచుకోదు. పాత ట్యాలీని తుడిచేయకుండా కొత్తది వేరే ఫోల్డరులో ఇన్‌స్టాల్ చేసి, బ్యాకప్ కాపీ మీద ఒక బిల్లు, ఒక రసీదు, ఒక జీఎస్టీఆర్-1 రిపోర్టు చూసుకోండి. ట్యాలీలో మీ అవసరానికి విడిగా రాయించుకున్న అదనపు ప్రోగ్రాములు, అంటే టీడీఎల్ ఫైళ్లు, ఉంటే ఎక్కువగా చెడేది అవే. ఎఫ్1లో ‘టీడీఎల్స్ అండ్ యాడ్-ఆన్స్’కు వెళ్లి వాటిని ఆపి చూడండి. ఆపాక బాగుంటే లోపం ట్యాలీది కాదు, ఆ టీడీఎల్‌ది.

అమలాపురంలో మా కాలేజీ ఆఫీసు స్కానర్ నుంచి మెయిల్‌కు పంపడం ఆగిపోయింది. గూగుల్ వర్క్‌స్పేస్ వాడతాం. పాస్‌వర్డ్ సరైనదే ఇస్తున్నాం.
— ఆఫీసు సూపరింటెండెంట్, అమలాపురం

పాస్‌వర్డ్ సరైనదే కావొచ్చు, ఉత్త పాస్‌వర్డ్‌తో లోపలికి రానివ్వడం గూగుల్ 2025లో ఆపేసింది. ఈ రకం లాగిన్‌కు వాళ్లు పెట్టిన పేరు ‘లెస్ సెక్యూర్ యాప్స్’. ముందుగానే చాలా నెలలపాటు చెప్పారు, ఆ మెయిళ్లు అడ్మిన్ ఇన్‌బాక్స్‌లో ఇంకా ఉండి ఉంటాయి.

ప్రిన్సిపాల్ గారి మెయిల్‌ను స్కానర్‌కు కట్టకండి. స్కాన్ కోసం విడిగా ఒక అకౌంటు తీయండి. ఆ అకౌంటులో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి, అది లేకుండా తర్వాతి మెట్టు తెరుచుకోదు. గూగుల్ అకౌంటు పేజీ వెతుకులాట పెట్టెలో ‘యాప్ పాస్‌వర్డ్స్’ అని కొట్టి, పేరు ఇచ్చి సృష్టించండి. పదహారు అక్షరాల పాస్‌వర్డ్ ఒక్కసారే కనిపిస్తుంది. స్కానర్‌లో ఖాళీలు లేకుండా ఎక్కించండి. సర్వరు ఎస్ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్టు 587, టీఎల్ఎస్. పాత స్కానర్‌లో టీఎల్ఎస్ లేకపోతే పోర్టు 465, ఎస్ఎస్ఎల్ ప్రయత్నించండి. ‘ఫ్రమ్’ అడ్రసు కూడా ఆ అకౌంటుదే ఉండాలి.

తర్వాత చెడేది ఎక్కడంటే, ఆ అకౌంటు అసలు పాస్‌వర్డ్ ఎవరైనా మార్చగానే యాప్ పాస్‌వర్డులన్నీ రద్దవుతాయి. మళ్లీ కొత్తది తీసి స్కానర్‌లో వేయాల్సిందే. స్కానర్ పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఈ ముక్క రాసి ఉంచండి. పాస్‌వర్డ్ మాత్రం దాని మీద రాయొద్దు. సర్టిఫికెట్లు 600 డీపీఐ రంగుల్లో స్కాన్ చేస్తే మెయిల్ 25 ఎంబీ హద్దు దాటి తిరిగొస్తుంది. 300 డీపీఐ, గ్రేస్కేల్ పీడీఎఫ్ చాలు.

స్కానర్ మెయిళ్లను గూగుల్ ద్వారా పంపే వర్క్‌స్పేస్ రిలే సర్వీసు వాడమని ఎవరైనా చెబితే, మీ బ్రాడ్‌బ్యాండ్‌కు స్టాటిక్ ఐపీ, అంటే మారని నెట్ చిరునామా, ఉందో లేదో ముందు అడగండి. మామూలు కనెక్షన్లలో ఐపీ మారిపోతుంటుంది. ఐపీని నమ్మి తెరిచిన దారి రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయగానే మూసుకుపోవచ్చు.

గూగుల్‌లో కూడా కొత్తవాటిని ఆలస్యంగా తెచ్చుకోవచ్చా?
— ఆడిటర్ ఆఫీసు, తణుకు

వారం మేరకు. అడ్మిన్ కన్సోల్‌లో అకౌంట్ సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్‌లో రిలీజ్ ట్రాక్ ఉంటుంది. ‘ర్యాపిడ్’ బదులు ‘షెడ్యూల్డ్’ పెట్టుకుంటే ర్యాపిడ్ వాళ్లకు వచ్చిన కనీసం వారం తర్వాత మీకు వస్తుంది. అన్ని ఫీచర్లూ ఈ పద్ధతి పాటించవు, కొన్ని అందరికీ ఒకేసారి వస్తాయి. గూగుల్ ఏఐ సహాయకం జెమిని బటన్ అలాంటి పెద్ద మార్పే, 2025 జనవరిలో బిజినెస్ ప్లాన్లలో కలిపి ధర పెంచారు. క్లయింట్ల ఫైళ్లున్న ఆఫీసు కాబట్టి, ‘లింకు ఉన్న ఎవరైనా’ అని షేర్ చేసిన ఫోల్డర్లేమున్నాయో ఈ వారమే చూడండి. తప్పుగా షేర్ చేసిన ఫైలు ఇన్నాళ్లూ ఎవరి కంటా పడకపోయి ఉండొచ్చు, వెతికిపెట్టే సాధనం వచ్చాక ఇట్టే బయటపడుతుంది.

‘మీ మెయిల్‌బాక్స్ పాత వెర్షన్, 24 గంటల్లో అప్‌డేట్ చేయకపోతే మూసేస్తాం’ అని మెయిల్ వచ్చింది. చేయాలా?
— నర్సింగ్ హోమ్ రిసెప్షన్, పాలకొల్లు

వద్దు. నొక్కొద్దు. అప్‌డేట్ ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే చేయాలి. ఎక్సెల్‌లో ఫైల్, అకౌంట్, అప్‌డేట్ ఆప్షన్స్. క్రోమ్‌లో మూడు చుక్కలు, హెల్ప్, అబౌట్. అక్కడ కొత్తది లేదంటే లేనట్టే. ఫోన్ చేసి ‘రిమోట్‌లో అప్‌డేట్ చేస్తాం, ఎనీడెస్క్ వేసుకోండి’ అనేవాళ్లూ ఇదే బాపతు. ఇప్పటికే పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే వేరే సిస్టమ్ నుంచి వెంటనే మార్చి, అన్ని చోట్లా సైన్ అవుట్ చేసి, మెయిల్ ఫార్వర్డింగ్ నియమాలు చూడండి. మోసగాళ్లు లోపలికి రాగానే అక్కడ ఒక నియమం పెట్టి మీ మెయిళ్లన్నీ తమకు చేరేలా చేసుకుంటారు, పాస్‌వర్డ్ మార్చినా అది ఉండిపోతుంది. డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఆ గంటలోనే ఫోన్ చేయాలి.

కడియంలో నర్సరీ మాది. ఆరు సిస్టమ్‌లు, ఒకే నెట్. అప్‌డేట్ మొదలైతే ఎవరికీ నెట్ రాదు. తుఫాను రోజుల్లో కరెంటు పోయి అప్‌డేట్ మధ్యలో ఆగిపోయింది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
— నర్సరీ మేనేజరు, కడియం

ఆరు సిస్టమ్‌లూ ఒకే ఫైలును ఆరుసార్లు తెచ్చుకుంటున్నాయి. విండోస్ అప్‌డేట్‌లో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, ‘డెలివరీ ఆప్టిమైజేషన్’ తెరిచి, స్థానిక నెట్‌వర్క్‌లోని సిస్టమ్‌ల నుంచి తీసుకోవడానికి అనుమతించండి. ఒకటి తెచ్చుకుంటే మిగతావి దాని దగ్గర తీసుకుంటాయి. అక్కడే డౌన్‌లోడ్ వేగానికి హద్దు కూడా పెట్టొచ్చు. ‘యాక్టివ్ అవర్స్’లో మీ పని గంటలు ఇస్తే ఆ సమయంలో సిస్టమ్ తనంతట తాను రీస్టార్ట్ కాదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేటప్పుడు ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’, అంటే డేటా పొదుపుగా వాడేది, చేయండి.

తుఫాను హెచ్చరిక రాగానే అప్‌డేట్లను పాజ్ చేయండి, విండోస్ 11లో ఐదు వారాల దాకా ఆపొచ్చు. అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోతే విండోస్ సాధారణంగా వెనక్కి తిప్పుకుంటుంది, కానీ సిస్టమ్‌ను మొదలుపెట్టే మూల ప్రోగ్రాం బయోస్ అప్‌డేట్ అలా కాదు, మధ్యలో ఆగితే మదర్‌బోర్డే పోవచ్చు. ఇన్వర్టర్ బ్యాటరీ నిండుగా లేనప్పుడు దాని జోలికి వెళ్లొద్దు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అక్టోబరు, నవంబరు నెలల్లో డెల్టాలో ఎవరైనా ఇలాంటి రోజు ఒకటి వస్తుందనుకునే సిద్ధంగా ఉండాలి.

నెట్ లేకపోయినా ఫైళ్లు తెరవాలంటే ముందే చేయాల్సిన పని ఉంది. వన్‌డ్రైవ్‌లో మబ్బు గుర్తు ఉన్న ఫైలు మీ సిస్టమ్‌లో లేదని అర్థం. ఆర్డర్ల ఫోల్డరు మీద కుడి క్లిక్ చేసి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ ఎంచుకుంటే నిండు ఆకుపచ్చ వృత్తంలో టిక్ వస్తుంది. గూగుల్ షీట్లయితే డ్రైవ్ సెట్టింగ్స్‌లో ‘ఆఫ్‌లైన్’ ఆన్ చేసి, కావలసిన షీట్లను నెట్ ఉండగానే ఒకసారి తెరిచి చూడండి. వ్యాపార ప్లాన్లలోని మైక్రోసాఫ్ట్ 365 యాప్‌లు 30 రోజులకు ఒక్కసారైనా నెట్‌కు తగలాలి. లేకపోతే ఫైలు చూడనిస్తాయి, దిద్దనివ్వవు. పక్కన పెట్టేసిన ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే హెచ్చరిక వచ్చిన రోజునే తెరిచి, ఒకసారి నెట్‌కు కలిపి, ఛార్జింగ్ పెట్టి ఉంచండి.